గల్లీ రాసిన డైరీలు

ఇచ్చిన ఇరవై నాలుగు డైరీలూ తిరిగి వచ్చాయి. ఒక్కటి చిరగలేదు, ఒక్క గడి ఖాళీగా లేదు. ఇంద్రజతో పాటు ఎమ్మే చదువుతున్న పదకొండు మందిలో ఇంత శుభ్రంగా పని తెచ్చినవాళ్లు లేరు. కొందరికి సగం డైరీలు కూడా తిరిగి రాలేదు. వచ్చినవాటి మీద పప్పు మరకలు, పిల్లలు గీసిన ఏనుగులు. గైడు సావిత్రి మేడమ్ ఇంద్రజ తెచ్చిన కట్ట తిరగేసి, "ఎక్కడమ్మా ఈ గల్లీ?" అని అడిగింది. "పాతబస్తీ శాలిబండ మేడమ్, మా గల్లీయే" అంది ఇంద్రజ, గర్వం దాచుకోవాలన్న ఆలోచన కూడా లేకుండా.

ఆమె చదువు పేరు కమ్యూనికేషన్, మీడియా స్టడీస్. అదేం చదువో ఇంట్లో చెప్పలేక రెండేళ్లుగా తిప్పలు పడుతోంది. తండ్రి రామ్‌చందర్ మొదటి నెలలో "టీవీల కనవడుతవా?" అని అడిగాడు. కాదని తెలిశాక మళ్లీ ఆ ఊసెత్తలేదు. తల్లి బాలమ్మ మాత్రం ఎవరడిగినా "వార్తల సదువు" అని తేల్చి చెప్పేది. ఆ మాట కొట్టిపారేయడానికి వీల్లేదు. ఇంటి వెనక దొడ్డిలో ఐదు బర్రెలున్నాయి. హోటళ్లకు పాలు రామ్‌చందర్ బండి మీద వేస్తాడు. గల్లీలో ఇళ్లకు బాలమ్మ రెండు పూటలా క్యాను చేత్తో పట్టుకుని తిరిగి పోస్తుంది. ముప్పై ఏళ్లుగా పొద్దున్నే ఇరవై నాలుగు గడపలు చూసే మనిషికి, వార్త అంటే ఏమిటో ఒకరు నేర్పనక్కర్లేదు.

ఇంద్రజ డిసర్టేషన్ ఆ గడపల మీదే. ఆ గల్లీలో మనుషులకు లోకం సంగతులు ఎక్కడినుంచి చేరుతున్నాయి, ఎవరు ఏం చూస్తున్నారు, ఏం వింటున్నారు, దేన్ని నమ్ముతున్నారు. ఇంటికొక డైరీ ఇచ్చింది. రెండు వారాల పాటు ఏ పూట ఏం చూశారో, ఏం విన్నారో అందులో రాయాలి. రాయడం రానివాళ్లకు ఇంట్లో పిల్లలు రాసిపెట్టాలి. అది బాగా కుదిరితే ఒక ఉద్యోగం ఉంది. సావిత్రి మేడమ్‌కు కొత్త ప్రాజెక్టు వచ్చింది, బస్తీల్లో తిరిగి మనుషులతో మాట్లాడి రాసే పని. అందులో ఒక్కరికే చోటు. డిసర్టేషన్‌లో అరవై అయిదు మార్కులు దాటినవాళ్లనే తీసుకోవాలని నిబంధన. ఇంద్రజకు ఆ ఉద్యోగం కావాలి. తిరగడం, మాట్లాడించడం, రాయడం. తనకు చేతనైన పని అదేనని, ఇంకొకటి చేస్తే బతుకంతా మొహం మాడ్చుకుని ఉండాల్సి వస్తుందని ఆమెకు గట్టి నమ్మకం.

సమర్పించడానికి ఇంకా తొమ్మిది రోజులున్నాయనగా, డైరీల్లో ఉన్నది కంప్యూటర్‌లో ఎక్కిస్తూ ఆమె ఒక మంగళవారం దగ్గర ఆగింది. రెండో వారం మంగళవారం. లలితమ్మ డైరీలో ఆ సాయంత్రం గడిలో ఇలా ఉంది: "ఏడు నుంచి ఎనిమిది, టీవీలో చర్చా కార్యక్రమం." అబ్దుల్ వాహెద్ డైరీలోనూ అదే. యాస్మీన్ డైరీలోనూ అదే. వరసగా ఇరవై నాలుగు ఇళ్లలోనూ ఆ సాయంత్రం టీవీలో చర్చా కార్యక్రమం చూశారు.

ఆ మంగళవారం సాయంత్రం అయిదింటికి గల్లీ మొదట్లో ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయింది. మర్నాడు పదింటికిగానీ కరెంటు రాలేదు. జనమంతా గడపల్లో కూర్చుని విసనకర్రలతో విసురుకున్నారు. వాళ్ల మధ్యలో ఇంద్రజ కూడా కూర్చుని విసురుకుంది. యాస్మీన్ తన ఫోను చచ్చిపోయిందని ఆమె ముందే తిట్టుకుంది.

ఇంద్రజ డైరీలన్నీ మళ్లీ మొదటినుంచి చదివింది. ఈసారి అనుమానంతో చదివింది కాబట్టి అన్నీ కనిపించాయి. రెండు వారాల్లో ఆ గల్లీలో ఒక్కరూ సీరియల్ చూడలేదు. లలితమ్మ చూడలేదు! సాయంత్రం సీరియల్ టైముకు తలుపు కొడితే లోపలినుంచే తిట్టే లలితమ్మ చూడలేదు. మేడ మీద పావురాలు పెంచే వాహెద్ చాచా ఫోన్లో పావురాల పందేలు తప్ప ఇంకోటి చూడగా ఎవరూ ఎరగరు. ఆయన రోజూ "అంతర్జాతీయ వార్తలు" చూశాడట. గల్లీ గల్లీ అంతా కలిసి పెద్దమనుషులైపోయింది. ఇవి డైరీలు కావు, ఇరవై నాలుగు మంది కూడబలుక్కుని రాసిన ఒకే ఒక్క జవాబు.

ఆమె తిన్నగా అన్వరీ బేగం ఇంటికి వెళ్లింది. డెబ్బై దాటిన మనిషి. గల్లీలో పెళ్లి మాటలైనా, పంపకాలైనా, నల్లా దగ్గర లొల్లి అయినా ఆమె అరుగు మీదే తేలుతాయి. హిందువులు, ముస్లింలు, పిల్లా జెల్లా అందరికీ ఆమె నానీమా. అప్పుడామె తమలపాకుకు సున్నం రాస్తోంది.

"నానీమా, డైరీల నిజం ఎందుకు రాయలే మీరు?"

ఆమె తల ఎత్తలేదు. "మార్కులు వచ్చినయా?"

"నిజం ఎందుకు రాయలే అంటున్న."

"నిజం రాస్తే మార్కులు వస్తయా బేటీ? లలితమ్మ సీరియల్ జూస్తదని, వాహెద్ కబూతర్లు జూస్తడని రాసుకపోతే మీ మేడమ్ ఏమంటది? ఇదేం గల్లీ, ఈ పోరి ఏం సదివింది అంటది. అందరం గీ అరుగు మీదనే కూసున్నం. మంచివి రాయాలె, అందరు ఒక్కతీర్గ రాయాలె అనుకున్నం. నువ్వు ఫస్ట్ క్లాస్ల పాస్ గావాలె గద."

ఇంద్రజ అరుగు అంచున కూలబడింది.

ఇక్కడొక సంగతి చెప్పకపోతే ఆ గల్లీకి అన్యాయం చేసినట్టవుతుంది. కాగితం పట్టుకుని వచ్చినవాళ్లు అడిగినదానికి ఉన్నదున్నట్టు చెప్పే అలవాటు వాళ్లకు లేదు. దీన్ని అబద్ధమంటే నేనొప్పుకోను. కొన్నేళ్ల కింద ఎవరో సర్వే అంటూ వచ్చి, మీ ఇంట్లో ఫ్రిజ్ ఉందా అని అడిగారు. మొదటి ఇంటావిడ, పాపం, ఉందని మురిసిపోతూ చెప్పింది. నెల తిరక్కుండా ఆమె రేషన్ కార్డు పోయింది. ఆ మాట తెలిసినప్పటినుంచి గల్లీ ఒక పద్ధతి పెట్టుకుంది. కాగితం వచ్చిందంటే ముందు నానీమా అరుగు మీద ఒక జవాబు తేలుతుంది, తర్వాత అది ఇల్లిల్లూ చేరుతుంది, ఆ తర్వాతే కాగితానికి సమాధానం. రెండోసారి సర్వేవాళ్లు వచ్చిన రోజు గల్లీలో ఒక్క ఫ్రిజ్ లేదు. ఈ ముక్క మీరు ఇంద్రజ డిసర్టేషన్‌లో వెతికినా దొరకదు. ఎందుకో ముందు ముందు తెలుస్తుంది.

"ఈ చర్చా కార్యక్రమం, అంతర్జాతీయ వార్తలు... గీ మాటలు మీకెవరు జెప్పిండ్రు?" అని అడిగింది ఇంద్రజ.

"ఇంకెవరు? మీ అమ్మనే. నువ్వు ఫోన్ల మీ దోస్తులతోని మాట్లాడుతుంటే విన్నదంట. రోజు పొద్దుగాల పాలు వోసేటప్పుడు, ఇయ్యాల గిది రాయుండ్రి అని చెప్పిపోయేది. పాపం, ఒక్క ఇల్లు తప్పలే."

ఇంద్రజ ఇంటికి వెళ్లేసరికి బాలమ్మ దొడ్లో బర్రెలకు కుడితి పెడుతోంది. కూతురు అడిగింది. బాలమ్మ దాచలేదు, దాచాల్సిన పని చేశానని ఆమెకు తోచనే లేదు.

"అవు, నేనే జెప్పిన. ఏమైంది?"

"నా రెండేండ్ల కష్టం బర్రెల పాలు జేసినవ్. ఏమైంది అంటున్నవా?"

"బిడ్డా, నేను సదువుకోలే. నీ సదువుకు నేనేం సాయం జేస్త? ఫీజు మీ బాపు కట్టిండు. పుస్తకం నువ్వు సదివినవ్. నాకు చేతనయ్యేది ఇల్లిల్లు తిరుగుడు. గదే జేసిన."

"నువ్వు సాయం జేయకున్నా నేను పాసయ్యేదాన్ని. ఇప్పుడు నాకాడ ఒక్క నిజం మాట లేదు. నీ వల్లనే."

ఆ మాట అన్నాక ఇంద్రజకే ఎక్కువైందనిపించింది గానీ వెనక్కి తీసుకోలేదు. బాలమ్మ కుడితి బకెట్ కింద పెట్టి, చేతులు కొంగుకు తుడుచుకుని లోపలికి వెళ్లిపోయింది.

మర్నాడు ఇంద్రజ మేడమ్ దగ్గరకు వెళ్లింది. వెళ్లకపోయినా ఎవరికీ తెలిసేది కాదు, ఆ సంగతి ఆమెకు బాగా తెలుసు. శాలిబండలో ఏ మంగళవారం కరెంటు పోయిందో యూనివర్సిటీలో ఎవరికి పట్టింది? ఆ కట్ట అలాగే ఇస్తే డెబ్బైకి తక్కువ రావు. బస్సులో కూర్చుని అదే లెక్క వేసుకుంటూ వెళ్లింది, లెక్క వేసుకుంటూనే మేడమ్ గది తలుపు తట్టింది, ఉన్నదంతా చెప్పేసింది.

మేడమ్ డైరీల కట్ట పక్కకు జరిపింది. "ఎనిమిది రోజులే ఉన్నాయి. గడువు పెంచడం నా చేతిలో లేదు. ఇవి వాడొద్దు. ఇవి ఎలా తయారయ్యాయో అది రాయి. అదే నీకు దొరికిన అసలు విషయం. కానీ ఇంద్రజా, మనుషులు తక్కువ, రోజులు తక్కువ, పైగా మొదటి ప్రయత్నం పాడైందని నీ నోటితో నువ్వే చెప్పుకోవాలి. మార్కులు నేను హామీ ఇవ్వలేను" అంది.

వాళ్ల గురించి రాయాలంటే వాళ్ల ఒప్పుదల కావాలి. ఆ సాయంత్రం ఇంద్రజ నానీమా అరుగు ముందు నిలబడింది. గల్లీ ఆడవాళ్లు సగం మంది పోగయ్యారు, వాహెద్ చాచా గోడకు ఆనుకుని నిలబడ్డాడు. బాలమ్మ కూడా వచ్చింది, కూతురి వైపు చూడకుండా చివర్న కూర్చుంది. ఇంద్రజ విషయం చెప్పింది. మీరందరూ ఒక్కమాట అనుకుని డైరీలు రాసినట్టు రాస్తాను, పేర్లు ఉండవు, ఇప్పుడు నిజంగా ఏం చూస్తారో మళ్లీ చెప్పాలి, ఇష్టం లేనివాళ్లు చెప్పనక్కర్లేదు అంది.

లలితమ్మ మూతి తిప్పింది. "అంటే నేను సీరియల్ జూస్తనని రాస్తవా?"

"పేరుండది పిన్నీ."

"పేరు లేకుంటే రాసుకో. రెండు జూస్త."

అందరూ నవ్వారు. అన్వరీ బేగం నవ్వలేదు. "ఒక్క మాట బేటీ. డైరీల సంగతి రాసుకో, మేం ఒప్పుకుంటున్నం. ఫ్రిజ్‌ల సంగతి వద్దు. ముందుగాల్ల వేరేటోళ్లకు ఏం జెప్పినమో, ఎట్ల జెప్పినమో గది వద్దు. నీ పుస్తకం ఎవలెవలు సదువుతరో మాకు తెల్వదు."

"రాయను నానీమా" అంది ఇంద్రజ. మాట ఇచ్చేసింది. అప్పటికి ఆ మాట ఖరీదు ఆమెకు తెలియదు.

తెల్లారి పాలవేళకు ఇంద్రజ నోటు పుస్తకం పట్టుకుని తల్లి వెనక బయల్దేరింది. ఇద్దరి మధ్యా మాటల్లేవు, క్యాను చప్పుడే. మొదటి గడప యాస్మీన్‌ది. బాలమ్మ గిన్నెలో పాలు పోసి, "యాస్మీన్, నిన్న ఏం జూసినవో ఉన్నదున్నట్టు జెప్పు. గట్ల జెప్తెనే మా పోరికి పనికొస్తదంట" అంది. ఇరవై నాలుగు గడపల్లోనూ అదే మాట చెప్పింది. ఒక్కో గడపలో ఆమె గొంతు కొంచెం తగ్గుతూ రావడం ఇంద్రజ విన్నది. ఎందుకంటే ఆ ఇళ్లకే రెండు వారాలు రోజూ వెళ్లి వేరే మాట చెప్పింది ఆమె. ఆ రోజు ఇంద్రజకు తల్లి మీద కోపం పోయింది. పోయిందని మాత్రం చెప్పలేదు.

ఆరు పొద్దుల్లో కావలసినంత దొరికింది. యాస్మీన్ జాకెట్ కుట్టే వీడియోలు చూస్తుంది. వాహెద్ చాచా పావురాలు చూస్తాడు. ఎవరైనా చనిపోయిన కబురు మసీదు మైకులో వింటారు. నల్లా ఏ టైముకు వస్తుందో, ఏ దవాఖానలో ఏ డాక్టరు మంచివాడో, ఎవరింటికి ఎవరు చూడటానికి వచ్చారో, ఇవన్నీ పాలతో వస్తాయి. టీవీలో చూసినదాన్ని కూడా మర్నాడు పాలవేళకు మాట్లాడుకున్నాకే నమ్ముతారు. ఇంద్రజ రెండేళ్లు పుస్తకాల్లో చదివినదంతా తల్లి రూపంలో, చేతిలో క్యాను పట్టుకుని తన ముందే నడుస్తోంది. ఇన్నాళ్లు తలుపు దగ్గరే ఉన్నదాన్ని చూడలేదే అని ఆమె సిగ్గుపడింది. రాయడానికి రెండు రోజులు మిగిలాయి. రాసి ఇచ్చేసింది.

వైవాకు బయటి యూనివర్సిటీ నుంచి బాలరాజ్ సార్ వచ్చాడు. కటువైన మనిషి కాదు. శ్రద్ధగా చదువుకుని వచ్చాడు, అదే ఇంద్రజకు చిక్కు.

"మీ మూడో అధ్యాయం నాకు బాగా నచ్చింది. ఇరవై నాలుగు ఇళ్లు ఒకే జవాబు రాయడం! కానీ ఒకటి చెప్పండి. ఇది మీకోసం ఒక్కసారి చేసిందా, లేక వాళ్లకు ముందునుంచీ ఉన్న పద్ధతా? ఇంత తొందరగా, ఇంత పక్కాగా చేశారంటే ఇంతకుముందు ఎక్కడో చేసి ఉండాలి కదా. అది లేకపోతే మీ వాదన సగంలో ఆగిపోతుంది."

ఆయన సరిగ్గా వేలు పెట్టాల్సిన చోటే పెట్టాడు. జవాబు ఇంద్రజ నాలుక చివర ఉంది. ఫ్రిజ్‌ల కథ చెబితే ఆయన కుర్చీలో ముందుకు వంగి వింటాడని కూడా తెలుసు. అరుగు మీద తమలపాకుకు సున్నం రాస్తున్న నానీమా వేళ్లు గుర్తొచ్చాయి.

"దానికి నా దగ్గర ఆధారం లేదు సార్" అంది.

"అడిగారా?"

"రాయడానికి వాళ్లు ఒప్పుకున్నంత వరకే రాశాను సార్."

ఆయన ఆమె వంక ఒక క్షణం చూసి, కాగితం మీద ఏదో రాసుకున్నాడు. మధ్యాహ్నం మార్కులు తెలిశాయి. యాభై ఎనిమిది. ఉద్యోగం తన క్లాసులోనే కార్వాన్ నుంచి వచ్చే అఖిలకు వెళ్లింది. అఖిల మంచి పిల్ల, ఆమె మీద ఏడవడానికి కూడా వీల్లేదు. మేడమ్ ఇంద్రజ భుజం మీద చెయ్యి వేసి, ఇంకేదైనా వస్తే చెబుతానంది. ఇంద్రజ కారిడార్లో నిలబడి ఇంటికి ఫోన్ చేసింది.

"యాభై ఎనిమిది వచ్చినయమ్మా. నౌకరి రాదు."

"నూటికా?" అంది బాలమ్మ.

"నూటికే."

"సరే బిడ్డా. ఏమన్న తిని రా."

రెండు బస్సులు మారాలి. కిటికీ పక్కన కూర్చుని ఇంద్రజ ఒక పక్క ఏడుపు ఆపుకుంటూనే ఇంకోపక్క గల్లీ గురించి ఆలోచించింది. ఈపాటికి అమ్మ సాయంత్రం పాలు పోయడానికి బయల్దేరి ఉంటుంది. ఫస్ట్ క్లాస్ అని చెప్పేసి ఉంటుంది. చెప్పకుండా ఎట్లా ఉంటుంది? రెండేళ్లుగా ఆ గడపల్లో వార్తల చదువు, వార్తల చదువు అని చెప్పుకున్న మనిషి. ఇక గల్లీ మొదట్లోంచి ఇంటిదాకా అందరూ ముబారక్ అంటారు, తను తలూపాలి. ఆ పొద్దున్న గడపగడపకూ అమ్మ గొంతు ఎట్లా తగ్గిందో గుర్తొచ్చింది. ఊపుదాం, ఏం పోయింది, అనుకుంది. నిజం కోసం అందరిమీదా ఎగిరిన తనే ఈ ఒక్కరోజుకు అమ్మ మాట దాటకూడదని నిశ్చయించుకుని బస్సు దిగింది.

గల్లీ మొదట్లో వాహెద్ చాచా ఎదురయ్యాడు. ఇంద్రజ నవ్వు మొహం పెట్టుకుంది.

"యాభై ఎనిమిదంట గద బేటీ" అన్నాడాయన నెమ్మదిగా. "నౌకరి గిట్ల రాలేదంట. ఫికర్ జేయకు."

ఇంద్రజ నవ్వు మొహం అట్లాగే ఉండిపోయింది. నాలుగడుగులు వేసేసరికి యాస్మీన్ కిటికీలోంచి, "యాభై ఎనిమిది తక్కువేం గాదు ఇంద్రజా, నాకు పదోతరగతిల గన్ని రాలే" అంది. అన్వరీ బేగం అరుగు మీదనుంచి చేత్తో రమ్మని పిలిచింది, దగ్గరకు వెళ్తే తల మీద చెయ్యి పెట్టి, "ఫ్రిజ్‌ల సంగతి అడిగిండ్రా?" అంది చిన్నగా. ఇంద్రజ తలూపింది. "చెప్పలేదు గద?" లేదన్నట్టు మళ్లీ తలూపింది. ఆ ముసలామె చాలాసేపు చెయ్యి తియ్యలేదు.

లలితమ్మ గడపలో చిక్కుడుకాయలు తుంచుతోంది. "యాభై ఎనిమిదే గద? మీ అమ్మ రెండుమాట్ల వచ్చి జెప్పింది" అంది. రెండుసార్లు ఎందుకో ఇంద్రజకు అర్థం కాలేదు.

బాలమ్మ దొడ్లో ఖాళీ క్యాన్లు కడుగుతోంది. ఇంద్రజ సంచి గోడకు ఆనించి పక్కన కూర్చుంది.

"అందరికి జెప్పినవా?"

"అడిగిండ్రు. జెప్పిన."

"ఫస్ట్ క్లాస్ అని జెప్పకపోయినవ్. నేను గూడ గట్లనే అంటుంటి."

"నీకు ఉన్నదున్నట్టు గావాలె గద" అంది బాలమ్మ, క్యానులో చెయ్యి పెట్టి తోముతూ. "నాకు మస్తు కష్టమైంది బిడ్డా. ఇరవై నాలుగు ఇండ్లల్ల యాభై ఎనిమిది, యాభై ఎనిమిది అనుకుంట తిరుగుడు."

ఇంద్రజకు కళ్లలో నీళ్లు తిరిగాయి. కడిగిన క్యాను అందుకుని బోర్లించింది. "మరి లలితమ్మ పిన్ని కాడికి రెండుమాట్ల ఎందుకు వోయినవ్?"

బాలమ్మ ఇంకో క్యాను ముందుకు లాక్కుంది. తర్వాత తల వంచుకునే చెప్పింది.

"ఆమె కాడ అరవై ఎనిమిది అని నోట్లకెల్లి వచ్చేసింది. రెండిండ్లు దాటినంక నాకే మంచిగ అనిపియ్యలే. మళ్ల వెనక్కి వోయి యాభై ఎనిమిదని చెప్పొచ్చిన."